కాలని నార

కిందటి వారం ఈ ఇంటివాళ్లను నవ్వుతుండగా వదిలి వచ్చాం. ఆ ఇంట్లో నవ్వు అరుదుగా దొరికే సరుకు కాబట్టి, ఎందుకు నవ్వారో ఒకసారి గుర్తు చేసుకుని లోపలికి వెళదాం.

పెద్దాయన చేతులు వణకడం మొదలయ్యాక వాళ్ల షెడ్డులో నిలువెత్తు జాడీ ఒక్కటీ నిలబడలేదు. బోర్డు మీద స్టూడియో అని రాసి ఉన్నా ఇంట్లో అందరూ దాన్ని షెడ్డు అనే అంటారు. ఆయన హయాంలో తయారైన జాడీలు పెద్ద పెద్ద భవనాల గుమ్మాల ముందు ఈనాటికీ గీత పడకుండా నిలబడి ఉన్నాయి. కొడుకు చేసినవి మాత్రం ఆరేటప్పుడు కొన్ని, కాలేటప్పుడు కొన్ని నిలువునా చీలిపోయాయి. కిటుకు ఏమిటని తండ్రిని అడిగితే "మట్టిలో నార కలపాలిరా" అని ఒక్క ముక్క చెప్పి గోడవైపు తిరిగేవాడు. కొడుకు జనపనార కలిపాడు. కత్తిరించి కలిపాడు, నానబెట్టి కలిపాడు, ఉడకబెట్టి కూడా కలిపాడు. జాడీలు వాటి మానాన అవి చీలుతూనే వచ్చాయి.

అప్పుడు చెల్లెలు రంగంలోకి దిగింది. పింగాణీ ఫ్యాక్టరీలో చేస్తున్న ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చింది. ఒకే మట్టి తీసుకుని, అందులో రకరకాల సరుకులు కలిపి, జానెడు పొడవు కడ్డీలు చేసి, ఒక్కోదాని మీద గీత గీసి, ఆరాక ఆ గీత ఎంత కురచయిందో కొలవడం ఆమె పద్ధతి. ఉత్త మట్టిది ఒకటి, కాల్చిన పెంకుల పొడి కలిపింది ఒకటి, కాగితపు గుజ్జుది ఒకటి, జనపనారది ఒకటి. పొద్దస్తమానం కడ్డీలు కొలుస్తూ, కడ్డీలు విరుస్తూ కూర్చుంటే అన్న ఆమెకు పరీక్షలమ్మ అని పేరు పెట్టాడు. పేరు బాగానే కుదిరింది, మనమూ అదే వాడదాం.

పోయిన వారం అటక మీద, చనిపోయిన తల్లి సామాన్ల వెనక, మూతి కుట్టేసిన గోనెసంచి ఒకటి బయటపడింది. నిండా తెల్లటి నార, పట్టుకుంటే మెత్తన. చిన్నప్పుడు అమ్మ దువ్వుతుండగా చూసిన నార ఇదేనని అన్నాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే గుర్తుపట్టారు. అది కలిపిన కడ్డీ ఆరాక చీలలేదు, వంగలేదు, దాని మీది గీత దాదాపు గీసినంతే ఉంది. అన్న ఆ కాల్చని కడ్డీని ముద్దు పెట్టుకున్నాడు. వదిన అతని మూతికంటిన మట్టి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఏడాదిగా విడవని దగ్గుకి, ఆమె పోరు పడలేక, అతను ఎక్స్‌రే తీయించుకొచ్చిన రోజే అదంతా జరిగింది. ఆ నవ్వుల్లో ఎక్స్‌రే సంగతి అందరూ మరిచిపోయారు. సంచి దొరికిందన్న కబురు విని పెద్దాయన అన్నం ముందు నుంచి లేచిపోవడం కూడా ఎవరి కంటా పడలేదు. మన కంట పడింది.

ఇక ఈ వారం.

చిన్న బట్టీ చల్లారింది. మధ్యాహ్నపు ఎండ షెడ్డు కిటికీలోంచి బల్ల మీదికి ఏటవాలుగా పడుతోంది. పరీక్షలమ్మ బట్టీ తలుపు తీసి, కాలిన కడ్డీలను ఒక్కొక్కటే బయటికి తెచ్చి బల్ల మీద వరసగా పేర్చింది. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.

వెనక గదిలో అన్న పెద్ద జాడీ మొదలుపెట్టేశాడు. కడ్డీ కాలిందాకా ఆగరా అంటే ఆగే మనిషి కాడు. మట్టి తాళ్లు చుట్టచుట్టలుగా పేర్చి, వాటిని అరచేత్తో ఒకదానికొకటి రుద్ది కలుపుతున్న చప్పుడు తడితడిగా వినిపిస్తోంది. అతని పక్కనే వదిన నేల మీద కూర్చుని దువ్వెనతో నార విడదీస్తోంది. ఒకప్పుడు అత్తగారు కూర్చున్న చోటే కూర్చుంది. కిటికీ వెలుతురు అక్కడే బాగా పడుతుంది మరి.

"పరీక్షలమ్మా, ఫలితాలెప్పుడు? పాసా ఫెయిలా?" అన్న లోపల్నుంచి కేకేశాడు. కేక చివర దగ్గు అందుకుంది.

"ఫలితాలు రాకముందే మిఠాయిలు పంచేశావుగా. ఇంక వాటితో నీకేం పని?"

"ఊరికే. పేపర్లు దిద్దేవాళ్లకి కూడా ఓ పని ఉండాలి కదా అని."

ఆమె నవ్వుకుంటూనే మొదటి కడ్డీ తీసి బల్ల అంచుకి ఆనించి నొక్కింది. ఉత్త మట్టిది పెళుసుగా విరిగింది. పెంకుల పొడిది కాస్త మొరాయించి విరిగింది. కాగితపు గుజ్జుది విరిస్తే లోపల సన్నటి చిల్లులు, కాగితం కాలిపోగా మిగిలిన ఖాళీలు. జనపనారది సరేసరి. పోగు ఉన్న చోటల్లా నల్లగా బొర్రపడింది. అన్న జాడీలు ఇన్నాళ్లూ ఎందుకు చీలాయో ఆ బొర్రలు చూస్తే తెలిసిపోతోంది. చెట్టూ చేమా నుంచి వచ్చిన ఏ పోగైనా బట్టీలో బూడిద కావలసిందే, దాని చోటు ఖాళీ కావలసిందే. ఇందులో వింతేమీ లేదు.

ఆఖరున అమ్మ నార కలిపిన కడ్డీ తీసింది. నొక్కింది, విరగలేదు. ఒళ్లంతా బరువు వేసి నొక్కాక మెల్లగా విడిపోయింది. విడిన చోట వెలుతురుకి తిప్పి చూసింది. బొర్రలు లేవు. తెల్లటి పోగులు ఎక్కడివక్కడ ఉన్నాయి. గోటితో గీకితే పొడిగా రాలుతున్నాయి గానీ ఉన్నాయి.

ఆమె కాసేపు ఆ ముక్కను అలాగే పట్టుకుని నిలబడింది. ఆ బట్టీలో ఇనుప చువ్వ పెడితే ఎర్రబడుతుంది. అలాంటి వేడిలో పడి జనపనార బతికి బయటికి రావడమనేది జరిగే పని కాదు. ఏదో పొరపాటు అయి ఉంటుందనుకుంది. పొరపాటు అయితే బాగుండుననుకుంది.

షెడ్డు మూల టీ కాచుకునే చిన్న స్టవ్ ఉంది. దాన్ని వెలిగించి, గోనెసంచి మూతి నుంచి చిటికెడు జనపపోగులు పీకి పటకారుతో మంటలో పెట్టింది. భగ్గుమని క్షణంలో మసైపోయాయి. తర్వాత సంచి లోపలి తెల్లనార చిటికెడు తీసి పెట్టింది. ఎర్రగా మెరిసింది. మంట ఆపితే మళ్లీ తెల్లబడింది. పొగ లేదు, వాసన లేదు, బూడిద లేదు. మళ్లీ వెలిగించి మళ్లీ పెట్టింది. ఎన్నిసార్లు పెట్టినా ఆ నార ఎర్రబడి తెల్లబడడం తప్ప ఇంకో పని చెయ్యలేదు.

కాలని నార ఏమై ఉంటుందో ఆమెకు తెలియక కాదు. పింగాణీ ఫ్యాక్టరీలో పాత బట్టీలు విప్పేటప్పుడు ఒంటి నిండా ముసుగులు వేసుకుని వచ్చే మనుషులను చూసింది. వాళ్లు ఎందుకు వస్తారో అప్పుడే అడిగి తెలుసుకుంది. ఆ పేరు ఇప్పుడు నాలుక చివరే ఉంది, బయటికి రానివ్వడానికి ధైర్యం చాలడం లేదు. పేరు పైకి అంటే అది నిజమైపోతుందని చిన్నపిల్లలకు ఉండే భయం పెద్దవాళ్లకు మాత్రం ఎక్కడికి పోతుంది?

తన చొక్కా చేతుల వంక చూసుకుంది. తెల్లగా నూగు. ఎండ పడుతున్న చోట గాలిలో కూడా సన్నగా తేలుతూ ఏదో మెరుస్తోంది. చిన్నప్పుడు అమ్మ ఆ నార దువ్వుతూ, గుప్పెడు తీసి తడిచేసి తమ గడ్డాలకు అతికించేది. "ఏం తాతగారూ, ఎక్కడి నుంచి రాక?" అని అడిగేది. అన్న ముసలి గొంతు పెట్టి జవాబు చెప్పేవాడు. ముక్కులోకి పోగు పోయి ముగ్గురూ తుమ్ముకుంటూ నవ్వేవాళ్లు. ఆమెకు అమ్మ జ్ఞాపకాల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఇప్పుడు దాన్ని తలచుకుని, ఏమీ అంటకపోయినా గడ్డం తుడుచుకుంది.

"వదినా, ఆ పని కాస్త ఆపి టీ పెట్టవూ? తల పగిలిపోతోంది" అని కేకేసింది. ముందు ఆమెను ఆ గదిలోంచి బయటికి రప్పించాలి.

"వస్తున్నానమ్మా. ఈ గుప్పెడు దువ్వేసి వచ్చేస్తా."

"ఇప్పుడే రా."

"అబ్బ, టీ కోసం ఇంత తొందర పడే మనిషిని నిన్నే చూశాను" అంటూ వదిన నవ్వింది. దువ్వెన చప్పుడు మాత్రం ఆగలేదు.

సంగతేమిటో తేల్చి చెప్పగలిగేది ఆ ఇంట్లో ఒక్కరే. పరీక్షలమ్మ విరిగిన కడ్డీని, చిటికెడు నారను కాగితంలో చుట్టుకుని ముందు గదిలోకి నడిచింది.

పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతుల్లో ఎప్పటిలాగే నిమ్మకాయంత మట్టిముద్ద. ఏమీ చెయ్యడు దానితో, ఊరికే పిసుకుతుంటాడు. అది ఉంటే చేతుల వణుకు పైకి కనిపించదు. కూతురి చేతిలో కాగితం పొట్లం చూసి పిసకడం ఆపాడు.

ఆమె పొట్లం విప్పి ఆయన ఎదురుగా స్టూలు మీద పెట్టింది.

"ఇది ఏం నార నాన్నా?"

"నారే."

"అదే, ఏం నార?"

"నార అంటే నార. దానికి ఇంటిపేరు కూడా కావాలా నీకు?" ఆయన పాత ధోరణిలో వేళాకోళం ఆడబోయాడు.

"ఉంటే చెప్పు."

ఆమె జేబులోంచి లైటర్ తీసింది.

"అది వద్దు" అన్నాడాయన.

"ఏం, ఇల్లు అంటుకుంటుందా?"

"పరీక్షలు నా దగ్గర చెయ్యకు తల్లీ."

"పరీక్ష అయిపోయింది. మంటలో పెట్టాను, కాలలేదు. బట్టీలో పెట్టాను, కాలలేదు. చెట్టు నుంచి వచ్చింది కాదది. గోనెసంచిలో ఉంది, పేరు నార, ఇంకేముంటుంది జనపనారే అనుకున్నాం మేమంతా. అన్న ఎన్నేళ్ల నుంచో జనపనార కలిపి జాడీలు పగలగొట్టుకుంటుంటే ఒక్కనాడైనా అది కాదురా అనలేదు నువ్వు. దీని పూర్తి పేరు చెప్పు నాన్నా. నీ నోటితో విని వెళ్తా."

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిలో ఎవరో సైకిల్ స్టాండు వేస్తున్నారు. ఆ మనిషి స్టాండు వేసి, తాళం వేసి, వెళ్లిపోయిందాకా చూశాడు.

"రాతినార" అన్నాడు.

ఆమె స్టూలు అంచు పట్టుకుంది.

"రేకుల్లో పోస్తారే, ఆస్బెస్టాస్. అదే. ముడిసరుకు తోలే లారీ ఆయన తెచ్చిచ్చాడు, మట్టిలో కలిపి చూడండి, ఇనుము అవుతుంది అని. నిజంగానే ఇనుమైంది. అప్పుడు రాతినార అనే అనేవాళ్లం. మీ అమ్మే దాన్ని కురచ చేసింది. రోజుకి ఎన్నిసార్లు అనాలి రాతినార రాతినార అని, నార అంటే పోలేదా అంది. పోయింది. మీరు పుట్టేసరికి ఉత్త నార అయిపోయింది."

"అమ్మకి తెలుసా?"

"రాయి అని తెలుసు. ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుందని తెలియదు. నాకూ తెలియదు తల్లీ. అప్పట్లో ఎవరికీ తెలియదు."

"నీకెప్పుడు తెలిసింది?"

ఆయన చేతిలో మట్టిముద్ద మళ్లీ కదలడం మొదలుపెట్టింది. ఇక్కడ పెద్దాయన మీద కాస్త జాలి పడవచ్చు, కానీ తొందరపడకండి.

పరీక్షలమ్మకు ఆస్పత్రి గుర్తొచ్చింది. పొడవాటి బెంచీ, దాని మీద ఒగరుస్తూ అమ్మ, అమ్మ ఒడిలో తల పెట్టుకుని తను. లోపలికి పిలిచాక డాక్టరు అమ్మను చూసి అడిగాడు, ఏం పని చేస్తారమ్మా అని. అమ్మ నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నాడు. ఏ పనీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది. పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా నార దువ్వీ, మట్టి జల్లించీ, చేతులు కాయలు కాసిన మనిషి గురించి అన్న మాట అది. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"ఏ పనీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది అన్నావు డాక్టరుతో. గుర్తుందా?"

ఆయన చప్పున తలెత్తాడు.

"నేను అక్కడే ఉన్నా. అమ్మ పనిని పనే కాదన్నావని ఇన్నేళ్లూ నీ మీద కోపం నాకు. నీతో సరిగ్గా మాట్లాడనిది అందుకే. మొగవాళ్లందరూ అనేమాటే అన్నాడులే అని ఈమధ్యే సరిపెట్టుకున్నా."

"అందరూ అనేమాటే తల్లీ. నోటికి అలవాటైన మాట. మొదటిసారి అలవాటుగానే అన్నా."

మొదటిసారి. ఆమె ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఆయన కూడా ఆగిపోయాడు. నోరు జారిన సంగతి ఆయనకు తెలిసింది.

"రెండోసారి ఎప్పుడు?"

"నువ్వు రాలేదప్పుడు. బడికెళ్లావు."

"ఏమైంది రెండోసారి?"

పెద్దాయన మట్టిముద్దను ఒళ్లో పెట్టుకున్నాడు. ఖాళీ చేతులు మోకాళ్ల మీద వణుకుతుంటే వాటిని అలా వణకనిచ్చాడు.

"ఆ మధ్యలో లారీ ఆయన వచ్చాడు. ఆయన తమ్ముడు ఆ సరుకు ఎత్తీ దించీ, దగ్గి దగ్గి పోయాడట. ఇంక దీని జోలికి పోకండి, ఉన్నది ఎక్కడైనా పాతిపెట్టండి అన్నాడు. ఆ రోజు నుంచి సంచి ముట్టుకోలేదు నేను, చేతులు వణుకుతున్నాయని చెప్పి పెద్ద జాడీలూ మానేశా. మూతి కుట్టేసి అటకెక్కించా. తర్వాత మీ అమ్మని తీసుకుని ఆస్పత్రికి వెళ్లా. కొత్త డాక్టరు. కుదురుగా కూర్చోబెట్టి అడిగాడు. దుమ్ములో ఏమైనా పనిచేస్తారా, రాతిపొడి, సిమెంటు, రేకుల ఫ్యాక్టరీ, అలాంటివి ఏమైనా ఉన్నాయా అని. మీ అమ్మ నా వైపు చూసింది."

"చూస్తే?"

"నేను చెప్తానని చూసింది."

వెనక గదిలో దువ్వెన చప్పుడు సన్నగా వినిపిస్తూనే ఉంది.

"చెప్పలేదు" అంది కూతురు.

"ఏ పనీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది అన్నా. రెండోసారి కూడా."

"ఎందుకు నాన్నా?"

"చెప్తే షెడ్డు మూయించేస్తారని. కొన్న ప్రతివాడూ జాడీ వెనక్కి మోసుకొస్తాడని. మీరిద్దరూ చిన్నపిల్లలు. అయినా అప్పటికే లాభం లేదని తెలిసిపోయింది, డాక్టరు ముఖం చూస్తే."

"లాభం లేదని డాక్టరు అన్నాడా?"

ఆయన ఒళ్లోని మట్టిముద్దను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అనలేదు."

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. ఇరవై రకాల తిట్లు నోటిదాకా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటికి రాలేదు. తండ్రిని ప్రేమించాలో, గొంతు పట్టుకుని ఊపాలో తెలియని స్థితిలో కూతుళ్లు ఏం చేస్తారో అదే చేసింది. గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడిగింది.

"సరే. అమ్మ సంగతి అయిపోయింది. ఈ వారం సంగతి చెప్పు. సంచి దొరికిందని అన్న నీకు అన్నం దగ్గర చెప్పాడు. ఆ రోజు నుంచీ వదిన అమ్మ చోట్లో కూర్చుని అదే దువ్వెనతో దువ్వుతోంది. నువ్వు ఈ కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటున్నావు. ఇప్పుడు కూడా వింటున్నావు."

"చెప్దామనే అనుకున్నా. రోజూ పొద్దున్నే అనుకున్నా." పెద్దాయన కళ్లు నిండాయి. "వాడు నవ్వుతున్నాడే అమ్మా. ఎన్నేళ్లయింది వాడు నవ్వి. నవ్వుతుండగా పిలిచి ఈ మాట ఎట్లా చెప్పను?"

"నవ్వితే నవ్వాడు, చస్తే చచ్చాడు, అంతేనా?"

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది.

అన్న మోచేతుల దాకా తడిమట్టితో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో చెప్పడం కష్టం. ముఖంలో కోపం లేదు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు.

"జాడీ నడుము దాకా లేచింది" అన్నాడు, ఎవరో అడిగినట్టు. "ఎక్కడా వెంట్రుకంత చీలిక లేదు."

"అన్నా, నువ్వు విన్నావా?"

"విన్నా."

"మరి?"

"తడిగా ఉంటే దుమ్ము లేవదు కదే. ఈ ఒక్క వరస జాడీలు అయ్యేదాకా చూద్దాం. తర్వాత ఆ సంచి నేనే పాతేస్తా. ఇన్నాళ్లకి ఒక జాడీ నా చేతిలో నిలబడింది పరీక్షలమ్మా. ఒక్కటి." అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "ఎలాగూ నా లోపలికి పోవలసింది చిన్నప్పుడే పోయి ఉంటుంది. గడ్డాలు పెట్టుకున్నాం కదా."

అతనికి కూడా అదే గుర్తొచ్చింది. ఆమెకు అప్పుడొచ్చింది ఏడుపు.

"నీ మట్టి తడిదే. వదిన దువ్వేది పొడి నార కదరా."

తన జాడీ ధ్యాసలో ఆ సంగతి అన్న బుర్రకు తట్టనే లేదు. వెనక్కి తిరిగి భార్యను కేకెయ్యబోయాడు.

కేకెయ్యనక్కర లేకపోయింది. ఆమే వచ్చింది. జుట్టు నిండా, కనుబొమల మీద, భుజాల మీద తెల్లటి నూగు. చేతిలో ఫోను, దాన్ని అరచేత్తో మూసి పట్టుకుంది.

"ఆస్పత్రి నుంచి" అంది మెల్లగా. "ఎక్స్‌రే చూశారట. ముందు ఒక మాట తెలుసుకోవాలంటున్నారు డాక్టరుగారు. ఈయన ఏం పని చేస్తారని అడిగారు. మట్టిపని అని చెప్పా. మట్టిలో ఏమేం కలుపుతారని అడిగారు. నార అన్నా." ఆమె అందరి ముఖాలూ చూసి కాస్త తడబడింది. "ఏం నార అని అడుగుతున్నారు. అదేం ప్రశ్నో నాకర్థం కాలేదు. ఏం నార మామయ్యా?"

పెద్దాయన ఫోను కోసం చెయ్యి చాపాడు.

లాక్కుందామని పరీక్షలమ్మ ఒక అడుగు వేసింది. వేసి ఆగిపోయింది. ఆ మాట తను చెప్పగలదు, క్షణం పట్టదు. కానీ ఈసారి అది ఆయన నోటి నుంచే రావాలని ఆమె మనసు మొండికేసింది. అది న్యాయమో మూర్ఖత్వమో ఆమెకే తెలియదు.

నడుము దాకా లేచిన జాడీ మళ్లీ గుర్తొచ్చినట్టుంది, గుమ్మంలో అన్న తండ్రి కళ్లలోకి చూస్తూ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పెదవులు కదిలాయి. జనపనార, జనపనార అని చప్పుడు లేకుండా అందిస్తున్నాడు.

కోడలు అందించిన ఫోను పెద్దాయన చెవి దగ్గర వణుకుతోంది.

"హలో. నేను వాళ్ల నాన్ననండీ. చెప్పండి." అవతలివాళ్లు ఏదో అడిగారు. ఆయన విన్నాడు. "అవునండీ, ఎప్పట్నుంచో. చిన్నప్పట్నుంచీ. నారండీ."

అవతలివాళ్లు మళ్లీ అడిగారు.

ఆయన కొడుకు వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. తర్వాత కోడలి వైపు చూశాడు. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. కనుబొమల మీద తెల్లనూగుతో నిలబడి, ఆయన చెప్తాడని, ఆయన వైపే చూస్తోంది.

పెద్దాయన నోరు తెరిచాడు.